ఆల్టర్నేటర్ మోత: స్పానర్ పట్టకముందు తేల్చుకోవలసినవి

కారు బానెట్ కింద కొత్త మోత ఒకటి మొదలై, అది ఇంజన్ వేగంతో పాటు పెరుగుతుంటే, నింద ముందుగా పడేది ఆల్టర్నేటర్ మీద, అంటే ఇంజన్ నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే యంత్రం మీద. ఆ నింద తప్పయ్యే సందర్భాలు చాలా ఉంటాయి. ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టే చాలా కార్లలో ఏసీ కంప్రెసర్‌నూ, నీటి పంపునూ, పాత తరహా కార్లలో పవర్ స్టీరింగ్ పంపునూ తిప్పుతుంది. మధ్యలో బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పుల్లీ, దారి మళ్లించే ఐడ్లర్ పుల్లీ ఉంటాయి. ఇవన్నీ ఒకదానికొకటి జానెడు దూరంలో, ఒకే బ్రాకెట్లకో ఒకే ఇంజన్ దిమ్మకో బిగించి ఉంటాయి. ఒకదానిలో పుట్టిన చప్పుడు లోహం గుండా పాకి పక్కదానిలో వినిపిస్తుంది. ఇంజన్ వేగం పెంచితే అన్నిటి చప్పుడూ పెరుగుతుంది. కాబట్టి చెవి చెప్పిన మాట విని కొత్త ఆల్టర్నేటర్ కొనడమంటే వేలాది రూపాయలు పందెం కాయడమే. కొత్తది బిగించాక కూడా అదే మోత వినిపించి, చివరికి టెన్షనర్ పుల్లీలోని చిన్న బేరింగు దోషి అని తేలడం వర్క్‌షాపుల్లో అరుదు కాదు.

ఇంట్లో చేసుకోదగిన పని ఇందులో చాలానే ఉంది. కానీ ఆ పని విలువంతా దాని క్రమంలో ఉంది. మోత బెల్టుదా, బేరింగుదా, విద్యుత్తుదా అన్నది మొదట తేలాలి. మూడింటికీ మందులు వేరు. ఒకదాని మందు ఇంకొకదానికి వాడితే జబ్బు ముదురుతుంది కూడా.

యంత్రం పనితీరు కొంచెం తెలిస్తే ఆ క్రమం దానంతట అదే అర్థమవుతుంది. ఆల్టర్నేటర్ పుల్లీ ఇంజన్ క్రాంక్ పుల్లీ కన్నా బాగా చిన్నది. అందువల్ల ఇంజన్ ఒక చుట్టు తిరిగేసరికి ఆల్టర్నేటర్ రెండు నుంచి మూడు చుట్లు తిరుగుతుంది. నిష్పత్తి రెండున్నర అనుకుంటే, బండి నిలబడి ఇంజన్ నిమిషానికి 800 చుట్లతో నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ 2,000 చుట్లు తిరుగుతుంది. ఇంజన్‌ను 6,000 దాకా తీసుకెళ్తే అది 15,000 చుట్లు. లోపల తిరిగే భాగమైన రోటర్ ఒక విద్యుదయస్కాంతం. దానికి కరెంటు రెండు కార్బన్ బ్రష్షుల ద్వారా, ఇరుసుతో పాటు తిరిగే లోహపు వలయాలైన స్లిప్ రింగుల మీదుగా అందుతుంది. రోటర్ చుట్టూ ఉన్న స్టేటర్ తీగచుట్టల్లో మూడు ఫేజుల కరెంటు పుడుతుంది. వెనకవైపున్న డయోడ్లు దాన్ని బ్యాటరీకి పనికొచ్చే ఏకముఖ కరెంటుగా మారుస్తాయి. రోటర్ ఇరుసును ముందొకటి, వెనకొకటి రెండు బేరింగులు మోస్తాయి. బెల్టు లాగుడంతా ముందు బేరింగు మీదే పడుతుంది కాబట్టి అది పెద్దది. వెనకది చిన్నది, కానీ డయోడ్ల వేడికి దగ్గరగా ఉంటుంది.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. ఆల్టర్నేటర్ 14 వోల్టుల దగ్గర 70 ఆంపియర్లు ఇస్తుంటే అది 980 వాట్ల విద్యుత్తు. దాని సామర్థ్యం 55 శాతం అనుకుంటే ఇంజన్ నుంచి సుమారు 1,780 వాట్లు, అంటే దాదాపు రెండున్నర గుర్రపు శక్తి, ఒక రబ్బరు బెల్టు గుండా, అరచేతిలో పట్టేంత పుల్లీకి అందాలి. హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనక అద్దం హీటరు వేసినప్పుడల్లా ఆల్టర్నేటర్ బరువెక్కి బెల్టును మరింత ఎదిరిస్తుంది. మోత నిర్ధారణలో సగం పరీక్షలు ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉన్నాయి.

చెవికి అందే ఆనవాళ్లు

పొద్దున్నే ఇంజన్ వేయగానే కీచుమని అరిచి, కొన్ని సెకన్లలోనో ఒకటి రెండు నిమిషాల్లోనో సద్దుమణిగేది సాధారణంగా బెల్టు జారుడు. స్టార్టర్ తిరిగినప్పుడు బ్యాటరీ ఖర్చు చేసిన కరెంటును ఆల్టర్నేటర్ వెంటనే తిరిగి నింపబోతుంది. ఆ కాసేపు బరువు ఎక్కువ, బెల్టు చల్లగా ఉంటుంది, మంచు తేమో వాన తడో ఉంటే పట్టు ఇంకా తక్కువ. ఇక్కడ చాలామంది పట్టించుకోని కారణం ఒకటుంది: బ్యాటరీ ముసలిదైతే ప్రతి స్టార్టింగు తర్వాతా ఆల్టర్నేటర్ చాలాసేపు పూర్తి బరువుతో పనిచేయవలసి వస్తుంది. అలాంటి కారులో బెల్టు ఎన్నిసార్లు బిగించినా కీచు తిరిగి వస్తూనే ఉంటుంది. దానికి మందు బెల్టులో లేదు, బ్యాటరీలో ఉంది. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2కి దిగువన కనిపిస్తుంటే ముందు దాని సంగతి చూడాలి.

ఒక లయలో, పిట్ట అరిచినట్టు కిచకిచమనే చప్పుడు వేరే జాతిది. ఇంజన్ వేగంతో పాటు ఆ లయ కూడా వేగమవుతుంది. పుల్లీలు ఒకే గీతలో లేకపోతే బెల్టు గాడుల్లోకి పక్కకు ఒరుసుకుంటూ దిగుతుంది. ఆ ఒరిపిడి శబ్దమే ఇది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో చాలాకాలం కదలకుండా ఉంచిన కార్లలో పుల్లీ గాడుల తుప్పు కూడా ఇదే పని చేస్తుంది.

ఈ రెండింటినీ విడదీయడానికి ఖర్చులేని పరీక్ష ఉంది. ఇంజన్ నడుస్తుండగా, చేయి దూరంగా ఉంచి, స్ప్రే సీసాతో బెల్టు గాడుల వైపు కొద్దిగా మంచినీళ్లు చల్లాలి. చప్పుడు కాసేపు ఆగిపోయి మళ్లీ వస్తే పుల్లీల వరుస తప్పిందని అనుమానించాలి. నీళ్లు పడగానే అరుపు ఎక్కువైతే అది జారుడు, అంటే బిగువు తగ్గింది, లేదా బెల్టు అరిగింది. ఏ మార్పూ లేకపోతే మోతకు బెల్టుతో సంబంధం లేనట్టే లెక్క. బేరింగుల వైపు వెళ్లాలి.

బెల్టును చూసి అంచనా వేయడంలో ఒక పాత అలవాటు ఇప్పుడు మోసం చేస్తోంది. పూర్వపు బెల్టులు ముసలివైతే పగుళ్లిచ్చేవి. ఇప్పటి బహుగాడుల బెల్టులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి. ఇవి పగలకుండా, కారు టైరు లాగే పదార్థం కోల్పోతూ అరుగుతాయి. గాడి అడుగు లోతై, బెల్టు పుల్లీలో అడుగంటా కూర్చుని, పైకి నిగనిగలాడుతూనే జారుతుంది. అందువల్ల పగుళ్లు లేవు కాబట్టి బాగుందనే మాటకు ఇప్పుడు విలువ లేదు. కొత్త బెల్టు పక్కన పెట్టి గాడుల ఆకారం పోల్చి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది.

కీచు వినగానే బెల్టుకు సబ్బు రుద్దడం, కొవ్వొత్తి రాయడం, తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం అలవాటుగా వస్తున్నాయి. చప్పుడు ఆ పూటకు పోతుంది. నూనె ఉన్న స్ప్రేలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి, దుమ్మును పట్టి ఉంచుతాయి, జారుడు పెరుగుతుంది. వీటిని పూర్తిగా మానుకోవాలి. బెల్టు మీదికి ఇంజన్ ఆయిలో కూలెంటో కారుతుంటే అది ఆపకుండా కొత్త బెల్టు వేయడం కూడా డబ్బు దండగ.

ఇంకో చిట్కా వీటన్నిటి కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. అరుపు ఆగేదాకా బెల్టు బిగించడం. చేత్తో బిగువు సరిచేసే పాత కార్లలో, ఆల్టర్నేటర్‌ను రాడ్డుతో వెనక్కి తన్ని పట్టి బోల్టు బిగించడం తేలిక కాబట్టి, ఎక్కువ బిగించడం కూడా అంతే తేలిక. అరిగిన బెల్టు ఆ బిగువుకు కొన్ని వారాలు మాట వింటుంది. ఆ వారాలన్నీ ముందు బేరింగు, దానితో పాటు నీటి పంపు బేరింగు, తాము మోయవలసిన దానికన్నా ఎక్కువ లాగుడు భరిస్తాయి. కీచు పోయి గరగర వస్తుంది. రెండు పుల్లీల మధ్య పొడవైన భాగాన్ని బొటనవేలితో సుమారు పది కిలోల ఒత్తిడితో నొక్కితే పది మిల్లీమీటర్లకు అటూ ఇటూ దిగాలన్నది చాలా పాత కార్లకు సరిపడే మోటు లెక్క. కచ్చితమైన అంకె ఆ కారు సర్వీసు పుస్తకంలో ఉంటుంది. తనంతట తాను బిగించుకునే టెన్షనర్ ఉన్న కార్లలో మనం సరిచేసేది ఏమీ లేదు. టెన్షనర్ చేయి ఇంజన్ నడుస్తున్నప్పుడు పిచ్చిగా ఊగుతున్నా, దాని మీద గీసిన గుర్తు హద్దు దాటినా దాన్ని మార్చడమే.

బేరింగు మోత మాత్రం తిరగలిలో గింజలు లేకుండా తిప్పినట్టు ఉంటుంది. తొలిరోజుల్లో చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వినిపించి, వేడెక్కాక తగ్గుతుంది. తగ్గింది కదా అని వదిలేయడం సహజం, కానీ లోపల ఎండిన గ్రీజు వేడికి కాసేపు మెత్తబడిందంతే. ఇది ఇక వెనక్కి వెళ్లే జబ్బు కాదు. నిర్లక్ష్యం చేస్తే బేరింగు పట్టేస్తుంది, బెల్టు కాలి తెగుతుంది. ఆ బెల్టే నీటి పంపును తిప్పే కారైతే ఇంజన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ దాకా నష్టం వెళ్లగలదు. రాత్రివేళ హైవే మీద జరిగితే దీపాలు, ఎలక్ట్రిక్ స్టీరింగు బ్యాటరీలో మిగిలిన కాస్త శక్తితోనే నడవాలి. మోతను ముందుగా పట్టుకోవడంలో ఉన్న అసలు లాభం ఇది.

బేరింగు పాడవడానికి మన ప్రాంతాల్లో ఒక ప్రత్యేక కారణం వరద నీళ్లు. ఆల్టర్నేటర్ చాలా కార్లలో ఇంజన్‌కు కింది భాగంలో ఉంటుంది. గాలి ఆడడానికి దాని ఒంటినిండా కిటికీలే. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ మునిగిన కార్లలో ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లాయా అన్నదే అందరూ ముందు చూసుకున్నారు. అది న్యాయమే. కానీ బురదనీటిలోని సన్నని ఒండ్రు సీలు అంచుల దగ్గర చేరి, కార్బన్ బ్రష్షుల గూట్లో ఎండి, స్లిప్ రింగుల మీద గీతలు పెట్టి, వారాల తర్వాత పని మొదలుపెడుతుంది. మునిగిన కారు బాగా నడుస్తున్నా కొద్ది నెలల్లో గరగర మొదలైతే ఆశ్చర్యపడనక్కర్లేదు. అలాంటి ఆల్టర్నేటర్‌కు బేరింగు ఒక్కటే మార్చి మూయడం సరిపోదు; మొత్తం విప్పి శుభ్రం చేయాలి. ఇంజన్‌ను పీడనపు నీళ్లతో కడిగేటప్పుడు ఆల్టర్నేటర్‌ను ప్లాస్టిక్ సంచితో కప్పమని సర్వీసింగు కుర్రాడికి చెప్పడం కూడా ఇదే కారణంతో అవసరం.

వేరు చేసి చూడడం

ఇంజన్ నడుస్తుండగా బెల్టు దగ్గర చేసే ప్రతి పనికీ ముందు చున్నీ, పంచె అంచు, మెడలో గొలుసు, చేతి కడియం, జారుముడి వంటివన్నీ తీసి పక్కన పెట్టాలి. రేడియేటర్ ఫ్యాను కొన్ని కార్లలో ఇంజన్ ఆపాక కూడా దానంతట అదే తిరుగుతుంది. ఈ ఒక్క జాగ్రత్త లేకపోతే మిగతాది చదవడం ఇక్కడితో ఆపేయడం మంచిది.

పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఆల్టర్నేటర్ కదలని ఒంటికి ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు తాకిస్తే లోపలి శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. మెకానిక్ స్టెతస్కోపు దొరికితే మరీ మంచిది. ముందు భాగంలో ఒకసారి, వెనక భాగంలో ఒకసారి, తర్వాత టెన్షనర్ మధ్య బోల్టు మీద, నీటి పంపు మీద, కంప్రెసర్ మీద వినాలి. గరగర ఎక్కడ గట్టిగా ఉందో తెలుస్తుంది. ఏసీ వేయగానే మోత మారితే కంప్రెసర్ పైన నిఘా పెట్టాలి. అయినా దీన్ని సూచనగానే తీసుకోవాలి. లోహం చప్పుడును మోసుకెళ్లే తీరు అనుభవజ్ఞుల చెవిని కూడా తప్పుదారి పట్టిస్తుంది.

నిజమైన తీర్పు ఇచ్చేది బెల్టు తీసేసి చేసే పరీక్ష. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు మళ్లిందో ముందు ఫోనుతో ఫోటో తీసుకోవాలి. టెన్షనర్‌ను స్పానర్‌తో తిప్పి పట్టి బెల్టు జార్చాలి. టెన్షనరే లేకుండా, తామే సాగి బిగువు నిలుపుకునే బెల్టులు కొన్ని కార్లలో ఉంటాయి. వాటిని తీయడానికీ వేయడానికీ ప్రత్యేక సాధనం కావాలి కాబట్టి అక్కడ ఇంటి పని ఆగిపోతుంది. బెల్టు లేకుండా ఇంజన్‌ను అర నిమిషం మించకుండా నడిపి వినాలి. నీటి పంపు తిరగదు, ఛార్జింగు ఉండదు, బ్యాటరీ దీపం వెలుగుతుంది. అర నిమిషానికి అది ప్రమాదం కాదు. మోత అలాగే ఉంటే దోషం ఇంజన్ లోపల, టైమింగు చైను దగ్గరో మరెక్కడో ఉంది. ఆల్టర్నేటర్‌కు నిర్దోషిగా విడుదల దొరికినట్టే. మోత పోతే ఇంజన్ ఆపి, ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పి చూడాలి. మంచి బేరింగు చప్పుడు లేకుండా, గ్రీజు బరువుతో కొద్దిగా తిరిగి ఆగుతుంది. పాడైనది వేళ్లకు ఇసుక తగిలినట్టు ఉంటుంది, లేదా గలగలమంటూ చాలాసేపు తేలిగ్గా తిరుగుతుంది. పుల్లీని రెండు చేతులతో పట్టి పక్కలకు ఊపితే వదులు తెలియకూడదు. పని మొత్తంలో ఈ పది నిమిషాలకు మించిన విలువైనవి లేవు.

ఆల్టర్నేటర్ పుల్లీ దగ్గర ఒక చిక్కు ఉంది. చాలా డీజిల్ కార్లలోనూ, కొన్ని పెట్రోలు కార్లలోనూ అది మామూలు పుల్లీ కాదు. ఒకవైపే పట్టే క్లచ్చు దాని లోపల ఉంటుంది. ఇంజన్ కుదుపులు బెల్టును కొట్టకుండా చూడడం దాని పని. రోటర్‌ను కదలకుండా పట్టుకుని పుల్లీని తిప్పితే ఒక దిక్కున స్వేచ్ఛగా తిరగాలి, రెండో దిక్కున పట్టుకోవాలి. రెండు దిక్కులా పట్టేసిందంటే క్లచ్చు బిగిసిపోయింది. బెల్టు కొట్టుకోవడం, టెన్షనర్ టకటకలాడడం అందుకే. రెండు దిక్కులా జారితే ఛార్జింగే ఉండదు. ఇలాంటి పుల్లీ తీయడానికి 33 పళ్ల ప్రత్యేక సాకెట్ కావాలి. అది చేతిలో ఉంటే పుల్లీ ఒక్కటీ మార్చుకుని ఆల్టర్నేటర్‌ను కాపాడుకోవచ్చు. లేకపోతే సెల్ఫ్, డైనమో పనులు చేసే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర అది కొద్ది నిమిషాల పని.

విద్యుత్తు పాడే ఊళ

లోహం ఒరిపిడి ఏమాత్రం లేకుండా, సన్నగా, సాగదీసినట్టు వినిపించే ఊళ మూడో రకం. హెడ్‌లైట్లు, బ్లోయరు వేస్తే అది పెరుగుతుంది, ఆపితే తగ్గుతుంది. బేరింగు మోత ఇంత స్పష్టంగా దీపాల మాట వినదు.

ఈ ఊళ ఎక్కడ పుడుతుందో లెక్క కట్టవచ్చు. ఎక్కువగా వాడే రోటర్లలో 12 ధ్రువాలు, అంటే ఆరు జతలు ఉంటాయి. ఒక్కో జతకు మూడు ఫేజుల నుంచి డయోడ్ల గుండా ఆరు తరంగ శిఖరాలు వస్తాయి. ఒక చుట్టుకు 36. ఆల్టర్నేటర్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 33 చుట్లు, అంటే సుమారు 1,200 హెర్ట్జ్. ఇది మనిషి చెవి బాగా పట్టే పరిధి. ఆరోగ్యంగా ఉన్న యంత్రంలో కూడా ఈ శబ్దం సన్నగా ఉంటుంది. ఒక డయోడు పోతే శిఖరాల్లో కొన్ని లోపిస్తాయి, మిగిలిన ఫేజుల మీద బరువు అసమానంగా పడుతుంది, అయస్కాంత లాగుడు ఎగుడుదిగుడై, 200 హెర్ట్జ్ దగ్గర మరింత బొంగురు గొంతు కలుస్తుంది. చప్పుడు మారిందంటే లోపల కరెంటు ఆకారం మారిందని అర్థం.

దీన్ని రుజువు చేయడానికి మామూలు మల్టీమీటర్ చాలు. ఇంజన్ నడిపి, హెడ్‌లైట్లూ బ్లోయరూ వేసి, బ్యాటరీ టెర్మినళ్ల మధ్య ముందు ఏకముఖ వోల్టేజీ కొలవాలి; 13.8 నుంచి 14.5 మధ్య ఉండడం ఆరోగ్యం. తర్వాత మీటరును అలలాంటి గీత ఉన్న వోల్టుల శ్రేణికి మార్చి అదేచోట కొలవాలి. 0.1 వోల్టుకు లోపు ఉంటే మంచిది. 0.5 దాటితే డయోడు పోయిందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. చవక మీటర్లలో కొన్ని ఈ శ్రేణిలో ఏకముఖ వోల్టేజీని కూడా కలిపి చూపి కంగారు పెడతాయి. ఇంజన్ ఆపి బ్యాటరీ మీద అదే శ్రేణిలో ఒకసారి కొలిచి చూడాలి, సున్నా రావాలి.

కొత్త కార్లలో 14 వోల్టులు కనిపించకపోవడం లోపం కాకపోవచ్చు. ఇంధనం ఆదా కోసం కంప్యూటరే ఛార్జింగును తగ్గిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే 13 దగ్గరే ఉంచి, బ్రేకు వేసి వేగం తగ్గేటప్పుడు 15 దాకా పంపే ఏర్పాటు వీటిలో ఉంటుంది. హెడ్‌లైట్లు వేసి కొలవమన్నది అందుకు కూడా.

ఊళ విద్యుత్తుదేనని తేల్చే మరో దారి: ఇంజన్ ఆపి, ఆల్టర్నేటర్ వెనక, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌కు వెళ్లే చిన్న ప్లగ్గు తీసి, మళ్లీ నడిపి వినాలి. రోటర్‌కు కరెంటు ఆగితే అయస్కాంతం ఉండదు, ఊళ ఉండదు; ఒరిపిడి మోత మాత్రం అలాగే ఉంటుంది. మీటరులో 12.5 దగ్గరే ఉందో లేదో చూడాలి, ఎందుకంటే కొన్ని కొత్త రెగ్యులేటర్లు ప్లగ్గు తీసినా వేగం పెంచితే తమంతట తామే ఛార్జింగు మొదలుపెడతాయి. బ్యాటరీ వైరు మాత్రం ఇంజన్ నడుస్తుండగా ఎన్నడూ తీయకూడదు. వైరు తీసినా ఇంజన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టు అనే పాత పరీక్ష ఇప్పటికీ కొన్నిచోట్ల జరుగుతోంది. వైరు ఊడిన క్షణంలో వోల్టేజీ పదుల వోల్టులకు ఎగబాకుతుంది. అంబాసిడర్ రోజుల్లో కాలడానికి పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు ఇంజన్ కంప్యూటర్, ఎయిర్‌బ్యాగ్ యూనిట్, మ్యూజిక్ సిస్టం అన్నీ ఆ దెబ్బకు ఎదురుగా ఉన్నాయి.

మోత స్పీకర్లలో మాత్రమే వినిపిస్తుంటే, పైన చెప్పిన తరంగపు కొలత బాగుంటే, ఆల్టర్నేటర్‌ను ముట్టుకోవలసిన పని లేదు. తర్వాత పెట్టించిన ఆంప్లిఫయర్ ఎర్తు వైరు సరైన చోట లేకపోవడం దీనికి తరచుగా కారణం.

విప్పి బేరింగులు మార్చడం

బేరింగేనని తేలితే, ఓపికా కాస్త చేతి పనితనమూ ఉన్నవారు ఇంట్లో మార్చుకోవచ్చు. రెండు బేరింగులకు కలిపి కొన్ని వందల రూపాయలవుతుంది. ముందుగా బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీయాలి. ఇది మొక్కుబడి జాగ్రత్త కాదు: ఆల్టర్నేటర్ వెనకున్న లావుపాటి వైరు తాళంచెవితో సంబంధం లేకుండా ఎప్పుడూ బ్యాటరీకి కలిసే ఉంటుంది. దాని నట్టు విప్పుతున్న స్పానర్ ఇంజన్‌కు తగిలితే వందల ఆంపియర్లు పారి స్పానర్ ఎర్రగా కాలుతుంది. తర్వాత బెల్టు, లావు వైరు, ప్లగ్గు, చివరికి బిగింపు బోల్టులు.

బల్ల మీద పెట్టాక, విప్పకముందే రెండు మూతల మీదుగా, మధ్యలోని స్టేటర్ మీదుగా మార్కరుతో ఒక నిలువు గీత గీయాలి. తిరిగి కూర్చేటప్పుడు ఆ గీత కలవకపోతే బోల్టు రంధ్రాలు కలవవు, కలిసినా బిగింపు చెవులు తప్పు కోణంలో నిలుస్తాయి. పుల్లీ నట్టు బాగా గట్టిగా ఉంటుంది. ఇంపాక్ట్ రెంచితో సులువుగా వస్తుంది. అది లేకపోతే పాత బెల్టును పుల్లీ చుట్టూ చుట్టి వైసులో పట్టించి తిప్పాలి. రోటర్ వేళ్ల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి ఆపే ప్రయత్నం చేయకూడదు, తీగచుట్ట పైపూత చిట్లుతుంది. బ్రష్షుల గూడు బయటి నుంచి విప్పగలిగేదైతే దాన్ని ముందే తీసి పెట్టాలి. తర్వాత నాలుగు పొడవు బోల్టులు విప్పి, మూతలను మెల్లగా విడదీయాలి. కొన్ని ఆల్టర్నేటర్లలో స్టేటర్ తీగలు డయోడ్ల పలకకు టంకం వేసి ఉంటాయి. వెనక మూతనూ స్టేటర్‌నూ కలిపే ఉంచి రోటర్‌ను బయటికి లాగితే ఆ టంకం జోలికి వెళ్లనక్కర్లేదు.

బేరింగు పక్కన చెక్కిన నంబరే కొనాల్సిన వస్తువు చిరునామా. 6303 అంటే లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, మందం 14. 6203 కూడా 17 రంధ్రమే, కానీ బయట 40, మందం 12. 6201 అయితే 12, 32, 10. నంబరు తర్వాతి అక్షరాలు ఇంకా ముఖ్యం. టూ ఆర్ఎస్ అంటే రెండువైపులా రబ్బరు సీలు, జెడ్‌జెడ్ అంటే రెండువైపులా రేకు మూత. సీ3 అంటే వేడికి ఉబ్బినా పట్టేయకుండా లోపల మామూలు కన్నా ఎక్కువ సందు. ఇళ్లలోని సీలింగు ఫ్యాన్లకు వేసే 6201, 6202 బేరింగులు ప్రతి ఊళ్లో దొరుకుతాయి, కొలతలు సరిగ్గా కుదురుతాయి. అవి ఇక్కడ వేయకూడదు. ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది; ఆల్టర్నేటర్ పదిహేను వేలు. గ్రీజు, సందు, సీలు అన్నీ వేరు. పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీలు కూడా మార్కెట్లో తిరుగుతున్నాయి కాబట్టి అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనడమే క్షేమం.

ముందు బేరింగు మూతలో ఒక పలక కింద ఉంటుంది; పలక స్క్రూలు మొండికేస్తాయి, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవరు వాడితే తల చెడకుండా వస్తాయి. వెనక బేరింగు ఇరుసు మీదే ఉంటుంది. రెండు మూడు కాళ్ల పుల్లర్‌తో లాగాలి. స్లిప్ రింగులు దానికి దగ్గరే ఉంటాయి, పుల్లర్ కాలు వాటికి తగిలితే చిన్న పనికి పెద్ద నష్టం. కొత్తది ఎక్కించేటప్పుడు నియమం ఒక్కటే: ఏ వలయం బిగుతుగా కూర్చోవాలో దాన్నే నొక్కాలి. ఇరుసు మీదికైతే లోపలి వలయాన్ని, మూతలోకైతే బయటి వలయాన్ని. తప్పు వలయం మీద కొట్టిన ప్రతి దెబ్బా లోపలి ఉక్కు గుండ్ల ద్వారా వెళ్లి అవి దొర్లే దారిలో గుంటలు పెడుతుంది. కొత్త బేరింగు మొదటిరోజే మోగుతుంది. ఇంట్లో మార్చిన చాలా బేరింగులు తొందరగా పోవడానికి కారణం ఈ సుత్తి దెబ్బలే. బేరింగును గంటసేపు ఫ్రీజర్లో ఉంచి, అల్యూమినియం మూతను వేడిగాలితో కొద్దిగా వేడిచేస్తే ఎక్కువ బలం లేకుండానే జారుతుంది. వెనక మూత గూట్లో ప్లాస్టిక్ లేదా రబ్బరు వలయం ఉంటే అది చిట్లిందేమో చూడాలి. చిట్లితే బేరింగు బయటి వలయమే గూట్లో తిరిగి మరో మోత పుట్టిస్తుంది.

విప్పిన చేత్తోనే మరో మూడు సంగతులు చూడాలి. బ్రష్షులు గూటి బయటికి అయిదు మిల్లీమీటర్ల కన్నా తక్కువ మిగిలితే మార్చాలి. స్లిప్ రింగులు నల్లబడితే సన్నని ఎమరీ పేపరుతో చుట్టూ సమంగా రుద్దాలి. లోతు గాడి పడితే లేత్ షాపు పని. రెండు రింగుల మధ్య నిరోధం సాధారణంగా కొద్ది ఓముల్లోనే ఉంటుంది, రింగుకీ ఇరుసుకీ మధ్య మాత్రం అసలు కలయిక ఉండకూడదు.

కూర్చేటప్పుడు బ్రష్షులను లోపలికి నొక్కి పట్టడానికి కొన్ని ఆల్టర్నేటర్ల వెనక మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. అందులోంచి తీగముక్క దూర్చి, అంతా బిగించాక లాగేయాలి. మరిచిపోతే తీగ లోపలే తిరుగుతుంది. పొడవు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, మధ్యమధ్య ఇరుసును చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడైనా ఒరుసుకుంటే అక్కడే ఆపి సరిచేయాలి.

మారుతీ సుజుకీ స్మార్ట్ హైబ్రిడ్ కార్ల వంటి వాటిలో ఆల్టర్నేటర్ స్థానంలో ఉన్న యంత్రమే స్టార్టర్ పని కూడా చేస్తుంది. దాని బెల్టు రెండు దిక్కులా లాగుడు మోస్తుంది, టెన్షనర్ నిర్మాణమూ వేరు. అక్కడ వినడం, బెల్టును కళ్లతో పరీక్షించడం వరకే ఇంటి పని. మిగతాది కంపెనీ శిక్షణ పొందిన వారికి వదలాలి.

బండికి తిరిగి బిగించాక, లావు వైరు నట్టు గట్టిగా ఉందో లేదో చూసి, నెగెటివ్ టెర్మినల్ చివరగా పెట్టాలి. ఇంజన్ వేసి, అదే స్క్రూడ్రైవరుతో అవే చోట్ల మళ్లీ వినాలి, అవే రెండు వోల్టేజీలు మళ్లీ కొలవాలి. దీపాలన్నీ వేసి ఆల్టర్నేటర్ వెనకనుంచి బ్యాటరీ పాజిటివ్ దాకా కొలిస్తే 0.3 వోల్టుకు మించి పోకూడదు. మించితే వైరు చివర్లలో తుప్పు ఉంది. కిటికీల ఆటో మీట, గడియారం మళ్లీ అమర్చుకోవాలి. చేత్తో బిగువు పెట్టే కొత్త బెల్టైతే మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో కొద్దిగా సాగుతుంది, అప్పుడు మరోసారి బిగువు చూసి సరిచేయాలి.